మంచుకోటలో తొలి నిప్పు

లోయ అంచున నడుస్తున్న కంచరగాడిద కాలు జారింది. దాని వీపుమీది బస్తాలు ఒక పక్కకు ఒరిగాయి. కీర్తిసేనుడు దూకి కళ్లెం అందుకున్నాడు గాని, అప్పటికే దాని వెనకకాళ్లు రెండూ గాలిలో వేలాడుతున్నాయి. మంచుమీద బోర్లా పడి అంచువైపు ఈడ్చుకుపోతున్న అతణ్ణి ఓబులక్క నడుముపట్టీ పట్టుకుని ఆపింది. "వదిలెయ్ అల్లుడా" అంటూనే మొలలోని కత్తి దూసి కళ్లేన్ని తెగ్గోసింది. గాడిద అరుపు చాలాసేపు కిందికి పోయింది. అడుగున పడిన చప్పుడు మాత్రం వినిపించలేదు.

పోయింది ఉప్పొక్కటే కాదు. ఆ బస్తాల్లో పైన ఉప్పు, లోపల ఇనుము. పొగగొట్టం చివరి ముక్క, గొట్టాన్ని లోపలినుంచి మూయడానికి దానికి బిగించిన తిప్పుడు రేకు ఆ గాడిదతోపాటే లోయపాలయ్యాయి. ఇనుప పొయ్యి తాలూకు తక్కిన ముక్కలు మిగతా గాడిదల మీద క్షేమంగానే ఉన్నాయి. కీర్తిసేనుడు లేచి గొంగడికి అంటిన మంచు దులుపుకున్నాడు. వెనక్కి పోదామా అని ఓబులక్క అడిగితే, తల అడ్డంగా ఊపి ముందుకు నడిచాడు.

తామ్రగిరి చిన్న రాకుమారుడైన కీర్తిసేనుడు ఉప్పు అమ్ముకునే ఓబులక్కకు మేనల్లుడి వేషంలో ఈ దారి పట్టడానికి కారణం అతని అన్న భానుకేతుడు. ధవళ కనుమను హిమదంష్ట్రుడనే మాంత్రికుడు పట్టి పీడిస్తున్నాడని విని, వాణ్ణి అణచి వస్తానని కిందటి చలికాలంలో భానుకేతుడు కొద్దిమంది భటులతో కనుమలోని కాపలాకోటకు వెళ్లాడు. మళ్లీ రాలేదు. మాంత్రికుడి ఊపిరి సోకితే ఎంతటి మంటైనా ఆరిపోతుంది. ఆరిన మంట దగ్గర ఉన్నవాళ్లు ఉన్నట్టే గడ్డకట్టుకుపోతారు. వెతకబోయిన వాళ్లలో చాలామంది చలిమంటల చుట్టూ అలాగే మిగిలిపోయారు. ఒక్కడు మాత్రం తిరిగొచ్చి చెప్పాడు. కోటలో అందరూ కళ్లు తెరుచుకునే నిలబడి ఉన్నారట. ఛాతీకి చెవి ఆనిస్తే లోపల ఎక్కడో దూరాన గుండె కొట్టుకుంటున్నదట. వాళ్లకు కావలసింది వేడి. ఆ వేడిని బయటి గాలి తాకకూడదు.

అందుకే తామ్రగిరి కొలిమి పెద్ద, నిప్పును ఇనుప కడుపులో దాచే పొయ్యి పోతపోశాడు. తిత్తులు ఊది సాయపడింది కీర్తిసేనుడే. ఏ ముక్క ఎక్కడ కూర్చుంటుందో విప్పి, బిగించి, మళ్లీ విప్పి నేర్చుకున్నాడు. బయలుదేరే రోజున ఆ ముసలాయన అతని చెయ్యి పట్టుకుని ఒక్క మాట గట్టిగా చెప్పాడు. "తొలిసారి పిడికెడు పుల్లలే వెయ్యి బాబూ. పలకలు నిదానంగా వెచ్చబడాలి. ఆత్రపడి కట్టెలు కుక్కావంటే చలికి బిగిసిన ఇనుము నిలువునా చీలుతుంది. చీలికలోంచి మంట కనిపిస్తే వాడొస్తాడు."

దారి పొడవునా బండరాళ్ల మీద తెల్ల గుడ్లగూబలు కూర్చుని ఉన్నాయి. అవి మాంత్రికుడి కళ్లని కొండవాళ్లు చెప్పుకునేవారు. ఒక్కటి కూడా రెక్క కదపలేదు. తమ వేషం ఫలించిందని కీర్తిసేనుడు లోలోపల సంతోషించాడు.

మధ్యాహ్నమైనా సూర్యుడు మాసిన వెండిపళ్లెంలా మసకగానే ఉన్నాడు. మలుపు తిరగగానే కోట కనిపించింది. బురుజుల మీదినుంచి వేలాడుతున్న మంచుకోరలు ఏనుగుదంతాల తోరణాల్లా ఉన్నాయి. ప్రహరీ రాళ్ల సందుల్లో గడ్డకట్టిన నీరు స్ఫటికపు తీగెలై మెలికలు తిరిగి, లేని సూర్యకాంతిని ఎక్కడినుంచో తెచ్చుకుని నీలంగా మెరుస్తున్నది. ధ్వజస్తంభం మీద తామ్రగిరి జెండా ఎగురుతున్నట్టే బిగుసుకుని ఉంది. గాలి లేదు. కాకి లేదు. తమ అడుగుల చప్పుడు తమకే ఎవరో వెంట వస్తున్నట్టు వినిపిస్తూంటే ఓబులక్క రెండుసార్లు వెనక్కి చూసింది.

ద్వారంలో ఒక ముసలివాడు నిలబడి ఉన్నాడు. పసుపుపచ్చ తలపాగా, పైపంచె మీద మంచుపొడి, చేతిలో గరిటె. వాళ్లను చూసి ఎంతో ఆత్మీయంగా ఎదురొచ్చాడు. తన పేరు గుండయ్య అనీ, యువరాజావారి వంటవాణ్ణనీ చెప్పుకున్నాడు. నిన్న సాయంత్రం పొయ్యిలోకి కట్టెలు తెద్దామని వెనక్కి వెళ్లాననీ, తిరిగొచ్చేసరికి లోపల అందరూ ఇలా అయిపోయారనీ అన్నాడు.

"నిన్ననా?" అన్నాడు కీర్తిసేనుడు.

"నిన్ననే నాయనా. ఎసరు ఇంకా పొయ్యిమీదే ఉంది" అన్నాడు గుండయ్య.

ఓబులక్క మేనల్లుడి మోచెయ్యి గట్టిగా నొక్కింది. 

లోపల పొడుగాటి హాలు. నడుమ చల్లారిన కుంపటి. చుట్టూ భటులు, మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయినట్టు. ఒకడు బూటు విప్పుకుంటూ వంగి ఉన్నాడు. ఒకడి పెదవుల మీద నవ్వు ఇంకా ఉంది. అందరి ఒంటిమీదా గాజుపొరలా మంచు. హాలు మధ్యలో భానుకేతుడు నిలబడి, ఎవరో భటుణ్ణి రెండు చేతులా గుండెలకు హత్తుకుని ఉన్నాడు. ఆ మనిషి ముఖం అన్న భుజంలో దాగిపోయింది. చచ్చిపోతున్న వాడికి తన ఒంటి వేడి ఇవ్వబోయి ఉంటాడనుకున్నాడు కీర్తిసేనుడు. అన్న ఎప్పుడూ అంతే. దగ్గరకు వెళ్లి ఛాతీకి చెవి ఆనించాడు. చాలాసేపటికి లోపల ఒక్క చప్పుడు, నూతిలో రాయి పడ్డట్టు. అతని కళ్లు చెమర్చి, ఆ చెమ్మ రెప్పలమీదే గడ్డకట్టింది.

ఇక జాగు చెయ్యలేదు. గాడిదల్ని లోపలికే తోలుకొచ్చి తలుపులు మూశారు. బస్తాల్లోంచి ఇనుము బయటికి తీసి, ఆ ఉప్పు బస్తాల్నే, బాణాలు వెయ్యడానికి గోడల్లో పెట్టిన కంతలన్నిటిలో కుక్కారు. పొగగొట్టం బయటికి పోవడానికి ఒక్క కంత వదిలిపెట్టారు. ముందు కాళ్లు నిలబెట్టి, వాటిమీద అడుగుపలక పరిచాడు కీర్తిసేనుడు. బూడిద రాలే జల్లెడ దాని గాడిలో కూర్చోబెట్టాడు. చేతులకు గుడ్డలు చుట్టుకున్నా ఇనుము వేళ్లను పట్టుకుని వదలడం లేదు. పక్కపలకలు రెండూ ఎత్తి పట్టుకోవడం గుండయ్య వంతు. ఆ మహాభారాన్ని ఆయన ఉత్త చేతులతో పట్టుకుని, పప్పు ఉడికిందా లేదా అని చూసేవాడిలా తాపీగా నిలబడ్డాడు.

వెనక మూల మసకగా ఉండి మేకు రంధ్రం కనబడలేదు. ఓబులక్క మరుపున, అలవాటుకొద్దీ చెకుముకి కొట్టి పత్తివత్తికి అంటించింది.

కీర్తిసేనుడు వద్దనేలోపే జరిగిపోయింది. గొట్టానికి వదిలిన కంతలోంచి ఊళలాంటి చప్పుడుతో తెల్లని ఊపిరి లోపలికి దూకింది. వత్తి ఆరింది. ఓబులక్క వేలి కొనలనుంచి మంచు అరచేతిలోకి, అరచేతినుంచి మణికట్టుకు పాకడం కళ్లకు కనబడింది. కీర్తిసేనుడు ఆమెను గాడిద పొట్టకిందికి నెట్టి, ఆ చేతిని దాని కాళ్ల సందున వెచ్చని చోట అదిమిపట్టాడు. తెల్లని ఊపిరి హాలంతా ఒకసారి తిరిగింది. భటుల ముఖాలను తడుముకుంటూ, భానుకేతుడి దగ్గర కాసేపు ఆగి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఓబులక్క పళ్లు బిగించి, వేళ్లు ఒక్కొక్కటే కదిపి చూసుకుంది. చిటికెన వేలు కదల్లేదు. అది పోతే పోయిందిలే, కళ్లెం పట్టడానికి మిగిలినవి చాలునంది.

పలకల కీళ్లు మెత్తాలి. బంకమట్టి, బూడిద, ఉప్పు కలిపిన ముద్దయితే నిప్పుకు రాయిలా గట్టిపడుతుంది. అవి మూడూ ఉన్నాయి గాని, తడపడానికి నీళ్లెక్కడివి? పోసిన నీరు పోసినట్టే గడ్డకడుతున్నది. ఓబులక్క గాడిద వెనక చట్టి పట్టుకుని ఓపిగ్గా నిలబడింది. కాసేపటికి ఆవిర్లు కక్కుతున్న చట్టి తెచ్చి మట్టిలో పోసింది. రాకుమారుడు ముక్కు మూసుకుని ముఖం పక్కకు తిప్పుకుంటే, పిసుకు అల్లుడా, చల్లారకముందే పిసుకు అని ఆజ్ఞాపించింది. కీళ్లలో మట్టి మెత్తుతూ గుండయ్య మొదటిసారి నవ్వాడు. యువరాజావారు కూడా చిన్నప్పుడు వంటింట్లో ఇలాగే ముక్కు మూసుకునేవారని చెప్పాడు.

పైపలక కప్పి, తలుపు తగిలించి, గొట్టాలు ఒకదానిలో ఒకటి దూర్చి కంతలోంచి బయటికి పంపారు. ఇక కట్టెలు కావాలి. కీర్తిసేనుడు పక్కతలుపు గుండా వెనక కట్టెలకొట్టులోకి వెళ్లాడు.

కట్టెలకుప్ప మీద ఎవరో బోర్లా పడి ఉన్నారు. మంచు తుడిస్తే పసుపుపచ్చ తలపాగా కనిపించింది. ముఖం చూడాల్సిన పని లేకపోయింది, అయినా చూశాడు. కళ్లు మూసుకుని ఉన్నాయి. ఛాతీకి చెవి ఆనించి ఊపిరి బిగబట్టి చాలాసేపు విన్నాడు. ఏ చప్పుడూ లేదు. పొడి కట్టెలన్నీ ఆ చేతుల కిందే ఉన్నాయి. చలిలో కూడా వాటిని తడవకుండా కాచినట్టు గట్టిగా హత్తుకుని ఉన్నాడు. ఆ చేతుల్ని ఒక్కొక్కటే ఎత్తి, కట్టెలు తీసుకుని, మళ్లీ ఉన్నచోటే ఉంచాడు. గొంగడి విప్పి ఆయనమీద కప్పాడు.

హాల్లోకి వచ్చేసరికి గుండయ్య పొయ్యి కీళ్ల మీద తడివేలితో మట్టి నునుపు చేస్తున్నాడు. "మంచి కట్టెలు దొరికాయా నాయనా?" అని అడిగాడు. కీర్తిసేనుడు కట్టెలు పొయ్యి పక్కన దించాడు. తల ఊపాడు.

ఇనుప కడుపులో పిడికెడు పుల్లలు పేర్చాడు. తలా భుజాలూ తలుపులోంచి పొయ్యిలోకి దూర్చాడు. చుట్టూ సందు లేకుండా ఓబులక్క ఖాళీ గోనెలు కప్పి తన ఒంటితో అదిమింది. ఆ చీకట్లో, ఇనుపవాసన మధ్య చెకుముకి కొట్టాడు. మొదటి రవ్వ ఆరింది. రెండోది దూదిని పట్టుకుంది. కనుబొమలు చురచురలాడేదాకా ఊది, మంట పుల్లలకు అందుకోగానే, ఒక్క గుంజుతో తల బయటికి తీసి తలుపు మూసి గొళ్లెం పెట్టాడు. గోనెలు తీయకుండానే ముగ్గురూ కంతవైపు చూస్తూ కూర్చున్నారు.

ఊళ వినబడలేదు.

నిదానంగా పలకలు వెచ్చబడ్డాయి. ఇనుము టిక్కు టిక్కుమంటూ ఒళ్లు విరుచుకుంది. ఇంకాస్త వేద్దామని చెయ్యి చాచినప్పుడల్లా ఓబులక్క ఆ చేతిని తోసేస్తున్నది. పుల్లలు కాలి, పలకలు కాస్త చల్లబడి, మళ్లీ పిడికెడు వేశాక, ఆమె పైపలక మీద ఉమ్మితే చుయ్యిమంది. దగ్గరున్న భటుడి గడ్డంనుంచి ఒక నీటిచుక్క రాలింది. ఆ వెనక ఇంకొకడి చెవినుంచి. హాలంతా సన్నగా చినుకుల చప్పుడు మొదలైంది.

ఓబులక్క చూపు గుండయ్య మీద ఆగిపోయింది. అందరికన్నా పొయ్యికి దగ్గరగా ఉన్నది ఆయనే. ఆయన భుజాల మీది మంచుపొడి మాత్రం చెక్కుచెదరలేదు. కనుబొమల మీది మంచూ అంతే. ఆయన రెండు అరచేతులూ కాలుతున్న పలకమీద బార్లా ఆనించి ఉంచాడు.

"అమ్మా, ఇది వెలిగిందా?" అన్నాడు.

"వెలిగింది గుండయ్యా" అంది ఆమె.

"నాకు తెలియడం లేదే."

 ఆయన చేతులు తీసి తిప్పి చూసుకున్నాడు. తరవాత కీర్తిసేనుడి ఒంటిమీద గొంగడి లేకపోవడం గమనించాడు. కట్టెలకొట్టు తలుపువైపు చూశాడు.

"నిన్న కాదు కదూ" అన్నాడు మెల్లిగా.

కీర్తిసేనుడు లేచి ఆ ముసలాయన ముందు తలవంచాడు. ఏడాది అయిందనీ, మీరు కాచిన కట్టెలే ఇప్పుడు మండుతున్నాయనీ చెప్పాడు. ఇక నిజం దాచి లాభం లేదని తానెవరో కూడా చెప్పాడు. గుండయ్య అతని ముఖంలోకి చాలాసేపు చూశాడు. ముక్కు మూసుకున్నప్పుడే అనుకున్నాను సుమా అన్నాడు. ఆ పైన కాసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తరవాత లేచాడు. లోయలో పడిపోయిన తిప్పుడు రేకు సంగతి పొయ్యి బిగించేటప్పుడు వాళ్లు చెప్పుకుంటూంటే విన్నాడు గనక, వంటింట్లోంచి తన ఇత్తడి మూత ఒకటి తెచ్చుకుని, తనను ఏ చలీ ఇంకేమీ చెయ్యలేదని, ప్రాకారం మీద గొట్టం మూతి దగ్గర కాపలా ఉండి, ఊపిరి దూకబోతే మూత పెడతానని చెప్పి, మూసిన తలుపులోంచే బయటికి వెళ్లిపోయాడు. ఆయన నడిచిన చోట నేల తడి కాలేదు. ఓబులక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

కొంతసేపటికి గొట్టంలోంచి ఆయన గొంతు వినబడింది, బావిలోంచి వచ్చినట్టుగా. "గాలే లేదు నాయనా. ఆకు కూడా కదలడం లేదు. గుడ్లగూబలన్నీ వచ్చి ప్రహరీ మీద వరసగా కూర్చున్నాయి. కోటవైపే చూస్తున్నాయి."

కీర్తిసేనుడికి ఎందుకో ఆ మాట నచ్చలేదు. అప్పుడే అన్న చెంపమీది గాజుపొర పగిలి కింద పడింది. భానుకేతుడి పెదవులు కదిలాయి. కీర్తిసేనుడు పరుగెత్తి ఆ ముఖాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు. అన్న కళ్లు అతణ్ణి గుర్తుపట్టాయి. వాటిలో సంతోషం లేదు.

"ఆర్పెయ్ తమ్ముడూ" అన్నాడు భానుకేతుడు.

మాట మాటకూ ఆగుతూ, ఊపిరి కూడదీసుకుంటూ అతను చెప్పినది ఇది. తాను హత్తుకుని ఉన్నది భటుణ్ణి కాదు, హిమదంష్ట్రుణ్ణి. ఆ సాయంత్రం వాడు మారువేషంలో హాల్లోకి వచ్చి ఊపిరి వదిలితే, తాను వాణ్ణి కౌగిలించి పట్టేశాడు. వాడి చలే వాడి ఒంటిని కూడా గడ్డకట్టించింది. బయట తిరుగుతున్నది వాడి ఊపిరి మాత్రమే. ఒంట్లోకి రావాలంటే ఒళ్లు కరగాలి. కరగడానికి నిప్పు కావాలి. కానీ వాడి ఊపిరి సోకిన ఏ నిప్పూ నిలవదు గనక, వాడు ఏడాదిగా తన ఒంటిని తాను కాచుకోలేకపోయాడు.

"మీరు తెచ్చారు" అన్నాడు భానుకేతుడు. "దారిలో మిమ్మల్ని ఎవరూ ఆపలేదు కదా?"

బాణాల కంతల్లో కుక్కిన ఉప్పు బస్తాలు అన్నీ ఒక్కసారి లోపలికి ఉబ్బాయి. బయట ఊళ మొదలైంది. ఓబులక్క పరుగెత్తి ఒక బస్తాకు వీపు ఆనించి నిలబడింది. గొట్టం మీద గుండయ్య మూత ఠంగుమని పడింది.

ఆర్పితే వాడు ఆగిపోతాడు. అన్న కూడా ఆగిపోతాడు. "ఆర్పు. నా మాట విను" అంటున్నాడు భానుకేతుడు. కీర్తిసేనుడు వినలేదు. గొడ్డలి అందుకుని అన్న పాదాల చుట్టూ నేలను పట్టుకున్న మంచును కసిగా నరికాడు. వాళ్లిద్దరూ నిలువునా ఒకే స్తంభంలా కదిలారు. భుజం మోపి, అన్న వీపు పొయ్యివైపుకు, మాంత్రికుడి వీపు చల్లని గోడవైపుకు వచ్చేలా ఆ స్తంభాన్ని అడుగడుగునా తిప్పుకొచ్చాడు. అన్న చేతులు ముందు కరగాలి. వాడి ఒళ్లు నీడలో ఉండాలి. అంతకు మించి ఆలోచించడానికి వ్యవధి లేదు.

తిప్పేటప్పుడు మాంత్రికుడి కుడిచెయ్యి పలక పక్కనుంచి వెళ్లింది. క్షణం పాటే. ఆ వేళ్లు విచ్చుకుని కీర్తిసేనుడి మణికట్టు మీద మూసుకున్నాయి.

చలి మోచేతిదాకా ఎక్కింది. భుజం అందుకోబోతున్నది. గొడ్డలి జారి పడిపోయింది. అతను ఆ చేతిని విడిపించుకోవడానికి పెనుగులాడలేదు. ఇంకో చేత్తో అన్న నడుము చుట్టి తన వైపు గట్టిగా అదుముకున్నాడు.

"అత్తా, కట్టెలు వెయ్యి. అన్నీ వెయ్యి."

"ఇనుము చీలుతుంది అల్లుడా."

"చీలనీ. అన్న చేతులు ముందు కరిగితే చాలు, ఆ పైన వాడి ఊపిరే వచ్చి వాణ్ణి మళ్లీ గడ్డకట్టిస్తుంది."

ఓబులక్క ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసింది. బస్తాను వదిలేసి, గుండయ్య కాచిన కట్టెలన్నీ ఒడినిండా ఎత్తుకుని, పొయ్యి గొళ్లెం మీద చెయ్యి వేసింది.